హెపటైటిస్ బి ఉన్న నాన్నకి డి విటమిన్ 11 మాత్రమే ఉంది. ఎవరికైనా అనుభవం ఉందా?

మా నాన్నకి 58 ఏళ్లు. నాలుగేళ్లుగా హెపటైటిస్ బికి రోజూ టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటున్నారు. వైరస్ అదుపులోనే ఉంది. పోయిన నెల నడుము, మోకాళ్ల నొప్పులంటే పరీక్ష చేయించాం. డి విటమిన్ 11 వచ్చింది. 20 కంటే తగ్గితే లోపమేనట. జీవితమంతా పొలంలో ఎండకి ఎండిన మనిషికి ఇదేం విచిత్రమో! ఈ మధ్య గడప దాటడం లేదు లెండి.

డాక్టర్ గారు వారానికొకటి చొప్పున 60,000 యూనిట్ల సాచెట్లు ఎనిమిది రాశారు. నా టెన్షన్ ఏంటంటే, డి విటమిన్ ముందు లివర్‌లో, తర్వాత కిడ్నీలో మారితేనే ఒంటికి పనికొస్తుందట. మరి లివర్ జబ్బు ఉన్నవాళ్లకి ఈ సాచెట్లు పని చేస్తాయా? మీ ఇంట్లో ఎవరికైనా వాడాక ఎంత పెరిగింది, ఎన్నాళ్లకి నొప్పులు తగ్గాయి?

ఇంకోటి. టెనోఫోవిర్ కొందరిలో కిడ్నీల మీద, ఎముకల మీద ప్రభావం చూపిస్తుందని చదివాను. అందులోనే అలాఫెనమైడ్ అనే రకం ఎముకలకి కాస్త నయమట. అలా మార్చుకున్నవాళ్లున్నారా? కిడ్నీలు, ఎముకల సంగతి తెలియడానికి రక్తంలో క్రియాటినిన్, ఫాస్ఫరస్ పరీక్షలు కూడా రాయమని డాక్టర్‌ని అడగొచ్చా?

మా పెద్దమ్మ పసరు మందు తాగించమంటోంది. దయచేసి ఆ సలహా మాత్రం వద్దు. డాక్టర్ చెప్పకుండా మాత్ర ఆపే ఉద్దేశమూ లేదు, హఠాత్తుగా ఆపితే వైరస్ తిరగబెడుతుందని గట్టిగా చెప్పారు. మళ్లీ చూపించుకోవడానికి మూడు వారాలుంది, ఈలోపు తెలిసినవాళ్లు చెప్పండి.