దాత పేరు భవనం మీద ఎంతకాలం ఉంటుంది?

అమెరికాలోని యేల్ యూనివర్సిటీ మీద చిన్న వ్యాసం రాస్తూ ఒకచోట ఆగిపోయాను. మద్రాసు గవర్నర్‌గా చేసిన ఎలైహు యేల్ 1718లో కొంత సరుకు, 417 పుస్తకాలు, రాజు జార్జ్ చిత్రపటం పంపాడు. అంతే, కాలేజీకి ఆయన పేరే పెట్టేశారు! (చవక బేరమే అనిపిస్తుంది.) 2013లో ఒక పూర్వ విద్యార్థి 25 కోట్ల డాలర్లు ఇస్తే, కొత్త రెసిడెన్షియల్ కాలేజీకి (యూనివర్సిటీలోనే విద్యార్థులు కలిసి ఉండే హాస్టల్ లాంటి విభాగం) ఆయన పేరు రాలేదు. ఆయన కోరినట్టు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పేరు పెట్టారు. 2017లో అలాంటి మరో కాలేజీకి, బానిసత్వాన్ని సమర్థించిన రాజకీయ నాయకుడు కాల్హూన్ పేరు తీసేసి, కంప్యూటర్ శాస్త్రవేత్త గ్రేస్ హాపర్ పేరు ఇచ్చారు.

నా సందేహం: డబ్బిచ్చిన దాత పేరు శాశ్వతంగా ఉంచుతామని ఒప్పందంలో రాస్తారా, గడువు పెడతారా? తర్వాత పేరు తీసేస్తే డబ్బు తిరిగివ్వాలా? యూనివర్సిటీల విరాళాల విభాగంలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.