పెళ్లి వీడియోకి 4:2:0 చాలదా?

గాజువాక కెమెరా:
పోయిన నెల సింహాచలం కొండ కింద ఒక పెళ్లి తీశాం. పెళ్లికూతురిది ఎర్ర పట్టుచీర, సన్నటి ముదురాకుపచ్చ అంచు. పెన్‌డ్రైవ్ ఇచ్చిన మర్నాడే ఫోను: "ఏటండీ, టీవీలో చీర అంచు అలికేసినట్టుంది?" తీసింది 1080లో (1920×1080 పిక్సెళ్లు), 4:2:0లో, అంటే రంగు వివరం తగ్గించి రాసే పద్ధతిలో. ఇకమీదట అన్నీ రంగు ఇంకాస్త ఎక్కువ ఉంచే 4:2:2లోనే తీద్దాం అంటాడు మా పార్ట్‌నర్. కార్డులు తొందరగా నిండిపోతాయి, మా సిస్టం ఆ ఫైళ్లు చూస్తేనే నత్తలా నడుస్తుంది. ఎలాగూ చివరికి ఇచ్చేది 4:2:0యే కదా, దండగ అంటాను నేను. ఎవరి మాట నిజం?

ద్వారకానగర్ ఎడిటర్:
మీ పార్ట్‌నర్‌దే. రెండుకి రెండు, నాలుగు పిక్సెళ్ల గడి ఒకటి తీసుకోండి. 4:2:0లో వెలుగు నాలుగింటికీ విడివిడిగా రాస్తారు, రంగు మాత్రం నాలుగింటికీ ఉమ్మడి. పిక్సెల్‌కి వెలుగుది ఒకటి, రంగువి రెండు చొప్పున పన్నెండు అంకెలు ఉండాల్సిన చోట ఆరే ఉంటాయి. 4:2:2లో రంగు పక్కపక్క రెండేసి పిక్సెళ్లకి ఉమ్మడి, కాబట్టి ఎనిమిది. గ్రీన్ మ్యాట్ (వెనక వేరే దృశ్యం అతికించడానికి కట్టే పచ్చ తెర) ముందు తీసిన అమ్మాయి జుట్టు చుట్టూ కట్ చేసి చూడండి, తేడా తెలుస్తుంది. రాత్రంతా కూర్చునేది మేం కదా!

పాత టీవీ మెకానిక్:
బాబూ, రంగు తగ్గించి పంపడం ఇవాళ్టి కక్కుర్తి కాదు. మన కన్ను వెలుగులో తేడాని పట్టినంత సన్నగా రంగులో తేడాని పట్టలేదు. 1953లో అమెరికాలో ఖాయమైన ఎన్‌టీఎస్‌సీ కలర్ టీవీ పద్ధతి నిలబడింది ఈ కిటుకు మీదే. మనకి 1982 ఏషియాడ్‌తో కలర్ వచ్చినప్పుడు జనం బ్లాక్ అండ్ వైట్ టీవీలు పారేయలేదు. వెలుగు సిగ్నల్ ఎప్పటిలాగే వస్తుంది, రంగు దాని మీద సవారీ. పాత సెట్టు రంగుని వదిలేసి బొమ్మ చూపించేది.

మీ చీర సంగతి వేరు. హెచ్‌డీ లెక్కలో వెలుగంటే ఎరుపులో 0.2126 వంతు, ఆకుపచ్చలో 0.7152, నీలంలో 0.0722. నిండు ఎరుపు 255కి వెలుగు 54. ఆకుపచ్చ 76కీ 54యే! చీరకీ అంచుకీ వెలుగు ఒకటే అయినప్పుడు గీతని చూపించాల్సింది రంగొక్కటే, మనం తగ్గించింది దాన్నే. ఆ ఫ్రేముని బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి, అంచు మాయమైతే నా మాట నిజం. జరీ అంచైతే ఈ ఫోనే వచ్చేది కాదు.

ద్వారకానగర్ ఎడిటర్:
చూశారా, అందుకే 4:2:2 అన్నాను.

మర్రిపాలెం డ్రోన్:
ఆగండి గురూ. 4:2:2లో తీసి పెన్‌డ్రైవ్‌లో 1080, 4:2:0గా ఇస్తే రంగు మళ్లీ 960×540కి దిగిపోతుంది, ఆ అంచు మళ్లీ అలాగే ఉంటుంది. అదే 4కేలో (3840×2160) తీసి 4కేలోనే ఇస్తే, 4:2:0 అయినా రంగు 1920×1080 ఉంటుంది. ఇంకో గొడవ, 4:2:2నీ 10-బిట్‌నీ ఒకటే అనుకుంటారు చాలామంది. ఆర్‌కే బీచ్‌లో సూర్యోదయం ప్రీవెడ్డింగ్ తీసి గ్రేడింగ్ (రంగులు సరిదిద్దడం) చేస్తే ఆకాశం మెట్లుమెట్లుగా చీలిపోతుందే, అది 8-బిట్ పాపం. అందులో ఒక్కో అంకెకి 256 మెట్లే, 10-బిట్‌లో 1024. 4:2:2 పెట్టినా 8-బిట్‌లోనే తీస్తే ఆ చారలు పోవు.

ద్వారకానగర్ ఎడిటర్:
వాళ్లింట్లో పాత 1080 టీవీ ఉంటే?

మర్రిపాలెం డ్రోన్:
అప్పుడు మీ 4:2:2 కూడా చేసేదేమీ లేదు. గ్రీన్ మ్యాట్ దగ్గర మాత్రం మీ మాటే ఒప్పుకుంటాను.

గాజువాక కెమెరా:
మాస్టారూ, ఫ్రేముని బ్లాక్ అండ్ వైట్ చేశాను. అంచు లేదు! చీర మొత్తం ఒకే బూడిద రంగు. పార్ట్‌నర్ ఇంకా ఒప్పుకోవట్లేదు. వచ్చే పెళ్లిలో రెండు కెమెరాలు పక్కపక్కన పెడతాం, అతనిది 1080 4:2:2, నాది 4కే 4:2:0. రెండు పెన్‌డ్రైవులూ ఏది ఏదో చెప్పకుండా మా ఆవిడకి ఇస్తాను. చీర అంచుల దగ్గర ఆవిడ కన్ను తప్పదు.