పింఛనిచ్చే రోజే ముసలివాళ్ల సత్తువ కూడా చూస్తే తప్పేంటి?

గట్టుమీద_చెట్టు:
మా అమ్మకు 74. ఆంధ్రలో ఒకటో తారీఖున సచివాలయం వాళ్లు ఇంటికొచ్చి 4 వేలు చేతిలో పెట్టి వెళ్తున్నారు. వాళ్ల వెంట ఆశా కార్యకర్త కూడా వచ్చి, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేవమంటే? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరీక్షే ఇది, 14 సెకన్లలో అయిపోవాలి. మూడు నెలల్లో 3 కిలోలకు మించి తగ్గారా అనీ అడగాలి. డాక్టర్లు ఫ్రెయిల్టీ అనే ఈ సత్తువ తగ్గడాన్ని మనిషి మంచం పట్టకముందే పట్టుకోవచ్చు కదా.

పాత_నర్సమ్మ:
బాబూ, నేను ఏఎన్ఎంగా చేసి రిటైరయ్యాను. జబ్బుల ముప్పు చూడ్డానికి ఆశాలు నింపే సీబ్యాక్ ఫారంలో అరవై దాటినవాళ్లకు ఇప్పటికే ప్రశ్నలున్నాయి. నడుస్తుంటే తూలుతున్నారా, రోజువారీ పనులకు ఇంకొకరి సాయం కావాలా అని. ‘అవును’ అని టిక్కు పెట్టాక ఏం చేయాలి? పీహెచ్‌సీకి వెళ్లమంటాం. ఆటో ఖర్చు పెట్టుకుని వెళ్తే బీపీ చూసి, కాల్షియం బిళ్లలిచ్చి పంపుతారు. ఫిజియో కావాలంటే పట్నం పోవాలి. ఇంకో పరీక్ష పెడితే రిజిస్టర్లో ఇంకో గడి పెరుగుతుంది, అంతే.

లీడ్స్_లచ్చన్న:
ఇంగ్లండ్‌లో 2017 నుంచి 65 దాటినవాళ్లలో సత్తువ తగ్గినవాళ్లను జీపీలే (అంటే అక్కడి ఫ్యామిలీ డాక్టర్లే) గుర్తించాలి. బాగా తగ్గినవాళ్ల మందుల చీటీ ఏడాదికోసారి సరిచూడాలి, ఈ ఏడాదిలో పడ్డారా అని అడగాలి. అమ్మా, నాకైతే ఆ చీటీ పనే అసలుదనిపిస్తుంది. మన దగ్గర బీపీ బిళ్ల ఒకరిస్తారు, నిద్ర బిళ్ల ఇంకొకరిస్తారు, ఆర్ఎంపీ నొప్పి బిళ్లలిస్తాడు. అన్నీ కలిపి మింగిన ముసలాయన రాత్రి బాత్రూంకి లేచి తూలి పడితే ‘వయసైపోయింది’ అనేస్తాం. దీనికి ఫిజియో అక్కర్లేదు కదా.

పాత_నర్సమ్మ:
ఒప్పుకుంటా. కానీ బిళ్ల ఆపమనే అధికారం ఆశాకి లేదు నాయనా.

ఫిజియో_గుంటూరు:
అసలు వడపోత దేనికండీ? కుర్చీలోంచి లేచి కూర్చోవడం పరీక్షా అదే, వ్యాయామమూ అదే. రామాలయం అరుగు మీద అందరికీ నేర్పితే పోలా? వాకింగ్ ఒక్కటే చాలదు, తొడల్లో బలం రావాలి. తిండి సంగతీ చూడాలి. 50 కిలోల పెద్దమనిషికి రోజుకు 50–60 గ్రాముల ప్రొటీన్ కావాలి (కిడ్నీ జబ్బుంటే డాక్టర్ని అడగాలి). మన మామ్మలేమో రాత్రి మజ్జిగన్నం, ఆవకాయ బద్దతో సరిపెట్టేస్తారు. గుడ్డు తింటే ఓ 6 గ్రాములైనా వస్తుంది.

గట్టుమీద_చెట్టు:
సార్, రామాలయం అరుగు దాకా నడిచొచ్చి నేర్చుకునేవాళ్లు ఎలాగూ గట్టివాళ్లే. గడప దాటలేని మా పక్కింటి మామ్మ సంగతేంటి? అందుకే ఇంటికెళ్లి చూడమంటున్నా.

కంది_పొడి:
అన్నా, మా నాయనమ్మ సంగతి చెప్తా విను. బాగా లేస్తే ‘గట్టిగానే ఉంది’ అని పింఛను కోసేస్తారేమోనని కుర్చీకి అతుక్కుని కూర్చుంటుంది. ఐదు కాదు, ఒక్కసారి కూడా లేవదు.

గట్టుమీద_చెట్టు:
హహ, ఇది తట్టలేదు. అయితే పింఛను రోజు వద్దు. పదో తారీఖున ఆశా ఒక్కరే వెళ్తే?

పాత_నర్సమ్మ:
వెళ్తుంది బాబూ. ఆ తిరుగుడికి ఆమెకు ఎంతిస్తారో కూడా రాయి.