వియన్నాలో ఊరివాళ్ల తిండి, ఊరి వైన్: వెళ్లొచ్చినవాళ్లు కాస్త చెప్పండి

బరంపురం_బుల్లోడు

అందరికీ నమస్కారం. అక్టోబరు మొదటి వారంలో ఆఫీసు పని మీద వియన్నా వెళ్తున్నాను, ఆరు రోజులు. మా ఆవిడ కూడా వస్తోంది. బస మెయిన్ రైల్వే స్టేషన్ దగ్గర. పోయినేడు వేరే దేశం వెళ్లినప్పుడు ఐదు రోజులూ బర్గర్లతో, ఇంటి నుంచి పట్టుకెళ్లిన అటుకులతో లాగించేశాం. వచ్చాక "అక్కడేం తిన్నార్రా" అని మా అత్తయ్య అడిగితే చెప్పడానికి ఏమీ లేదు. ఈసారి అలా కాకూడదు. నేను గొడ్డుమాంసం తప్ప అన్నీ తింటాను. ఆవిడ గుడ్డు తింటుంది, మాంసం ముట్టదు. వైన్ గురించి నాకు తెలిసింది ఇచ్ఛాపురం దాటాక కనిపించే 'వైన్స్' బోర్డు ఒక్కటే. అందులో వైన్ తప్ప అన్నీ దొరుకుతాయి.

రాయగడ_మాస్టారు

బాబూ, మా అమ్మాయి అక్కడే ఉంటుంది, రెండుసార్లు వెళ్లి ఉండొచ్చాను. నువ్వు సరైన సమయంలోనే వెళ్తున్నావు.

వియన్నా ఊరి హద్దుల్లోనే వందల హెక్టార్ల ద్రాక్షతోటలున్నాయి. తోట ఉన్న రైతు తన వైన్‌ని తన వాకిట్లోనే పోసి అమ్ముతాడు. ఆ చోటుని 'హొయ్‌రిగర్' అంటారు, 'ఈ యేటిది' అని అర్థం. వైన్‌నీ అదే పేరుతో పిలుస్తారు. 1784లో రెండో జోసెఫ్ చక్రవర్తి రైతులకి ఇలా అమ్ముకునే హక్కు ఇచ్చాడు, అప్పటి నుంచీ నడుస్తోంది. గుమ్మం మీద పైన్ కొమ్మల కట్ట వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. కట్ట లేకపోతే వెనక్కి తిరగడమే. చిన్న రైతులు ఏడాది పొడుగునా తెరవరు, కొన్ని వారాలు తెరుస్తారు, కొన్ని వారాలు మూస్తారు. అందుకని బయల్దేరే ముందు వాళ్ల వెబ్‌సైట్‌లో తేదీలు చూసుకో.

స్టేషన్ దగ్గరే ఉంటున్నావు కదా, డి నంబరు ట్రామ్ ఎక్కితే నేరుగా హొయ్‌రిగర్లు ఉండే నుస్‌డోర్ఫ్‌లో దిగొచ్చు. 38 నంబరు గ్రిన్‌జింగ్ వెళ్తుంది, టూరిస్టు బస్సులన్నీ అక్కడే ఆగుతాయి, నాకు నచ్చలేదు. నన్నడిగితే 31 ఎక్కి చివరి స్టాపు ష్టామర్స్‌డోర్ఫ్ వెళ్లు. డాన్యూబ్ అవతల అది పల్లెటూరే. వైన్ నేలమాళిగల సందు ఒకటుంటుంది, ఎత్తుగా తోటల్లోకి పోతుంది.

పర్లాఖిమిడి_వదిన

తమ్ముడూ, వైన్ సంగతి మగాళ్లు చూసుకుంటారు గానీ మీ ఆవిడ తిండి గురించి నేను చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నాను. మొదటి రోజు మెనూలో 'ఫ్రిటాటెన్ సూపె' అని చూశాను. అట్లు సన్నగా తరిగి వేసిన చారు అని చెప్పారు. ఆహా, అట్లే కదా అని తెప్పించుకున్నాను. వేడివేడిగా వచ్చింది, పైన ఉల్లికాడల్లాంటి ఆకు చల్లారు, మన అట్టుని రిబ్బన్లలా కోసినట్టే ఉంది. సగం తాగాక మా ఆయన ఫోన్‌లో వెతికి చదివాడు: ఆ చారు గొడ్డు ఎముకలతో కాచినదట. ఆ రోజుకి ఇంకేం తినలేదు.

బంగాళాదుంప సాలడ్ అని పెడతారు, దాంట్లోనూ చాలా చోట్ల అదే రసం కలుపుతారు. కాబట్టి కంటికి కనిపించేదాన్ని నమ్మొద్దు. 'రిండ్' అంటే గొడ్డుమాంసం, 'కాల్బ్' అంటే దూడమాంసం, 'ష్వైన్' పంది, 'హెండ్ల్' కోడి, 'ష్పెక్' పంది కొవ్వుమాంసం. ఈ ఐదు మాటలూ చీటీ మీద రాసుకుని పర్సులో పెట్టుకోండి. మెనూలో వంటకం పక్కన ఎ, సి, జి అని అక్షరాలుంటాయి. అవి అలర్జీల కోసం, గోధుమ, గుడ్డు, పాలు అని. మాంసం ఉందో లేదో అవి చెప్పవు.

ధైర్యంగా తినదగ్గవి: లిప్టావర్ అని ఎర్రటి చీజ్ ముద్ద, మిరపపొడీ ఉల్లిపాయా వేసి రొట్టె మీద రాస్తారు. కైజర్‌ష్మార్న్ అని, మెత్తటి అట్టుని ముక్కలు చేసి పంచదార చల్లి ఉడికించిన రేగుపళ్లలాంటి వాటితో ఇస్తారు. ఒక ప్లేటు ఇద్దరికి ఎక్కువే.

సిరొంచ_చిన్నోడు

అక్కా, ష్నిట్జెల్ గురించి చెప్పలేదు, పల్చటి మాంసం ముక్కకి రొట్టెపొడి అద్ది వేయించేది. 'వీనర్ ష్నిట్జెల్' అని ఉత్తగా రాస్తే అది దూడమాంసమే, అక్కడి రూల్ అట్లుంది. పందితో చేస్తే పేరులోనే ష్వైన్ అని రాస్తారు. అన్నా, నువ్వు పందిది అడుగు.

ఇంకో మాట. మా గడ్చిరోలి జిల్లాలో 1993 నుంచి మద్యనిషేధం. చదువు కోసం వియన్నా పోయిన తర్వాతే వైన్ గ్లాసు ముట్టిన. మొదటిసారి ఎంత అడగాలో తెలియక "ఒక బాటిల్" అన్న. పక్క బల్ల మీది పెద్దాయన నవ్విండు. అక్కడ 'ఆఖ్టెల్' అంటే లీటరులో ఎనిమిదో వంతు, 'ఫిర్టెల్' అంటే పావు లీటరు. ఎండ పూట వైన్‌లో సగం సోడా కలిపి 'ష్‌ప్రిట్సర్' తాగుతారు, అది అడిగితే ఎవ్వరూ తక్కువగా చూడరు.

బల్లార్షా_బాషా

ఇదంతా సరే గాని నాష్‌మార్క్‌ట్ అనే పెద్ద బజారు గురించి ఎవరూ అనరేం? ఊరి మధ్యలో, అన్నీ ఒకేచోట.

సిరొంచ_చిన్నోడు

భాయ్, చూడ్డానికి బాగుంటది, తినడానికి జేబు ఖాళీ. ఆలివ్ పండు రుచి చూడమని ఇస్తారు, తర్వాత వదలరు. నేనైతే ఒట్టక్రింగ్‌లో బ్రున్నెన్‌మార్క్‌ట్‌కి పోతా. టర్కీవాళ్ల దుకాణాలు, కూరగాయలు, రొట్టెలు, మన వారం సంత లెక్కనే కేకలు. శనివారం పక్కనే ఇప్పెన్‌ప్లాట్స్‌లో రైతులు కూడా వస్తారు. ఆదివారం మాత్రం సూపర్‌మార్కెట్లు మూస్తారు, పెద్ద స్టేషన్‌లలోవి తప్ప. మీ బస పక్కనే స్టేషన్ గనక టెన్షన్ లేదు.

రాయగడ_మాస్టారు

ఒకటి మరిచాను. 'గెమిష్టర్ జాట్స్' అని అడుగు, అది వియన్నా సొంతం. ఒకే తోటలో రకరకాల తెల్ల ద్రాక్ష కలిపి పెంచి, కలిపి కోసి, కలిపే పిండుతారు. మా కొండల మీద రాగి, సామ, కంది కలిపి చల్లినట్టే. ఒక రకం దెబ్బతిన్నా ఇంకోటి నిలుస్తుందని.

ఇంకా ముఖ్యం, అక్టోబరు గనక 'ష్టూర్మ్' దొరుకుతుంది. ద్రాక్షరసం వైన్ అవుతూ అవుతూ మధ్యలో ఉన్నది. మబ్బుగా, తీపిగా, నురగతో ఉంటుంది. తాగినవాడు మన జీలుగు కల్లు గుర్తు చేసుకోకుండా ఉండలేడు. తియ్యగా ఉంది కదా అని మూడు గ్లాసులు తాగితే తెల్లారి తల పట్టుకోవాలి. సీసాకి మూత గట్టిగా బిగించరు, లోపల గాలి పుడుతూనే ఉంటుంది గనక. నేను ఒకటి కొని సంచిలో పడుకోబెట్టాను. ట్రామ్‌లో నా ఒళ్లో కారిపోయింది. అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు.

బరంపురం_బుల్లోడు

వెళ్లొచ్చాం. ముందుగా వదిన గారికి దండం, ఆ చీటీ మా ఆవిడ మెడలో వేసుకున్నంత పని చేసింది.

నుస్‌డోర్ఫ్‌లో మొదటి గుమ్మానికి కట్ట లేదు. రెండోదానికీ లేదు. మాస్టారు చెప్పినా తేదీలు చూసుకోలేదు, తప్పు నాదే. చలిలో అర్ధగంట నడిచాక మూడో వీధిలో వాడిపోయిన పైన్ కట్ట ఒకటి కనిపించింది. లోపల పొడుగాటి చెక్క బల్లలు, ముక్కూ మొహం తెలియనివాళ్ల పక్కనే కూర్చోవాలి. వైన్ బల్ల దగ్గరికి తెస్తారు, తిండి మాత్రం మనమే లేచి కౌంటర్లో చూపించి తెచ్చుకోవాలి. మాకు మొదట తెలీక ఇరవై నిమిషాలు మెనూ కోసం ఎదురు చూశాం. ఎదురుగా కూర్చున్న ముసలావిడ చూసి చూసి మా ఆవిడ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. నల్ల రొట్టె, లిప్టావర్, ఊరగాయ దోసకాయ. మా ఆవిడకి ద్రాక్షరసం, నాకు ష్టూర్మ్. రెండు గ్లాసులతో ఆపేశాను, మాస్టారూ, ఒట్టు. కార్డు తీసుకోలేదు, నోట్లే ఇవ్వాలి. జేబులో ఉన్నాయి గనక బతికాం.

పెద్ద చర్చి దగ్గర ఒక హోటల్లో మాత్రం ఒకరోజు తిన్నాం. బిల్లు చూసి ఆకలి మళ్లీ వేసింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ లిప్టావర్ చేసింది. వాళ్ల చీజ్ ఎక్కడ దొరుకుతుంది? మన ఛెనా (పాలు విరిచి తీసిన ముద్ద), వేలాడదీసిన పెరుగు, వెన్న కలిపి, కారం, ఉల్లిపాయ, కాస్త ఆవముద్ద వేసింది. అత్తయ్య రుచి చూసి "ఇది తినడానికా అంత దూరం వెళ్లారు" అంది. గిన్నె మాత్రం ఖాళీ చేసింది.

పర్లాఖిమిడి_వదిన

కొలతలు పెట్టు తమ్ముడూ. ఛెనా ఎంత, వెన్న ఎంత?

బరంపురం_బుల్లోడు

ఆవిడ కొలవలేదు వదినా. ఆదివారం మళ్లీ చేస్తానంది, పక్కనే కూర్చుని రాసి పెడతాను.