టైటిల్‌లో "రైడర్" ఉన్న పుస్తకాలు చెప్పండి, జానర్ మాత్రం దేనికదే వేరుండాలి

వనజ_కూకట్‌పల్లి:
అందరికీ నమస్తే అండీ. మా అపార్ట్‌మెంట్‌లో తొమ్మిదిమందిమి కలిసి పుస్తకాలు చదువుతుంటాం, నెలకోసారి ఎవరో ఒకరింట్లో కూర్చుని మాట్లాడుకుంటాం (చర్చ కంటే మిర్చిబజ్జీలే ఎక్కువనుకోండి). ఈసారి కొత్తగా పందెం పెట్టారు. చీటీ తీయాలి, అందులో ఒక మాట ఉంటుంది, ఆ మాట టైటిల్‌లో ఉన్న పుస్తకాలు ఆరు ఉగాదిలోపు చదవాలి, ఆరూ ఆరు రకాలై ఉండాలి. మా ఎదురు ఫ్లాట్ ఆవిడకి "ఇల్లు" వచ్చింది, ఆవిడ పని హాయి. నాకేమో "రైడర్". మా ఆయన చీటీ చూసి, రోజూ మనింటికి బిర్యానీ తెచ్చే అబ్బాయేగా అన్నాడు.

సరే గుర్రాల కథలే కదా అనుకుని ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద వెతికాను. జిల్లీ కూపర్ రాసిన "రైడర్స్" దొరికింది, ఇటుకంత లావుంది, నూట ఇరవై చెప్తే బేరమాడి అరవైకి తెచ్చా. తీరా బస్సెక్కాక సంచిలోంచి తీసి చూస్తే అట్ట మీద తెల్ల బిగుతు ప్యాంటులో ఒకమ్మాయి వెనకభాగం, దాని మీద ఒక మగాడి చెయ్యి! ఇంటికి రాగానే ఎవరి కంటా పడకముందే ఆదివారం అనుబంధం చింపి అట్ట వేసేశాను. ఇప్పుడు దాని మీద వారఫలాలు కనపడుతున్నాయి.

ఇది రొమాన్స్ కింద వేసుకోవచ్చా? మిగతా ఐదు మీరే చెప్పాలి. ఇంగ్లీషువైనా పర్లేదు, అనువాదాలైనా పర్లేదు. టైటిల్‌లో ఉత్త గుర్రం ఉంటే కుదరదు, రైడర్ ఉండాల్సిందే, మా ప్రెసిడెంట్ గారు బాగా స్ట్రిక్టు. రైడర్ హాగార్డ్ నవలలు పట్టుకొస్తా అంటే, అది రాసినాయన పేరు, పుస్తకం పేరు కాదు అని కొట్టేశారు.

పాతపుస్తకాల_పిచ్చోడు:
మీ ప్రెసిడెంట్ గారు కరెక్టే వనజ గారూ, ఆ లెక్క ఒప్పుకుంటే గుర్రం జాషువా గారి "గబ్బిలం" కూడా గుర్రాల పుస్తకం అయిపోద్ది 😀

"రైడర్స్" రొమాన్సే, డౌట్ వద్దు. 1985లో వచ్చింది, గుర్రాలతో అడ్డుకట్టలు దూకించే పోటీలు, ఆ ఆడేవాళ్ళ అక్రమ సంబంధాలు, చివరికి లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్. ఆ పుస్తకం వెనక కథ ఇంకా బాగుంటుంది. మొదట రాసిన ప్రతి ఉన్నది ఒక్కటే, దాన్ని ఆవిడ 1970లో లండన్ సిటీ బస్సులో మర్చిపోయింది, పేపర్లో ప్రకటన వేయించినా దొరకలేదు, మళ్ళీ మొదలుపెట్టడానికి పదేళ్ళ పైనే పట్టింది. కార్బన్ కాపీ పెట్టుకోవాలని అందుకే అనేవాళ్ళు మన పెద్దోళ్ళు. ఇంకోటి, 2015లో ముప్పయ్యేళ్ళ ఎడిషన్ వేసినప్పుడు మీరు చెప్పిన ఆ చెయ్యిని కొంచెం పైకి జరిపారు, దాని మీద కూడా ఇంగ్లండ్‌లో రచ్చ అయింది. మీకు దొరికింది పాత అట్ట, అరవైకి మంచి బేరమే.

వెస్టర్న్‌కి జేన్ గ్రే "రైడర్స్ ఆఫ్ ది పర్పుల్ సేజ్", 1912. ఆయన న్యూయార్క్‌లో పళ్ళ డాక్టరు, పళ్ళు పీకడం మానేసి కౌబాయ్ కథలు రాసుకుని కోట్లు సంపాదించాడు. ఇందులో గుర్రాలు నిజంగానే పరిగెడతాయి. మాటలు మాత్రం మన పాత డ్రామా డైలాగుల్లా సాగుతాయి, ఓపిక కావాలి. కాపీరైట్ లేదు కాబట్టి నెట్‌లో ఫ్రీ.

కూత_కుర్రాడు:
అక్కా కబడ్డీ మీద పుస్తకం పెట్టుకోండి, రైడర్ అంటే కూతకెళ్ళేవాడు కదా

పాతపుస్తకాల_పిచ్చోడు:
తమ్ముడూ ఆ రైడర్ వేరు ఈ రైడర్ వేరు, ఇంగ్లీషులో స్పెల్లింగ్ చూడు

కూత_కుర్రాడు:
తెలుగులో ఒకటే కదన్నా. చీటీ తెలుగులో రాశారా ఇంగ్లీషులో రాశారా ముందు అది చెప్పమనండి

రిటైర్డ్_ఇంగ్లీష్_మాస్టారు:
అమ్మా వనజా, నాటకం ఒకటి తప్పకుండా పెట్టుకో. జె.ఎం. సింజ్ "రైడర్స్ టు ది సీ", ఒకే అంకం, అరగంటలో అయిపోతుంది. 1904లో డబ్లిన్‌లో మొదటిసారి ఆడారు. మేం ఎమ్మేలో చదివాం, తర్వాత నేనే ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఒకచోట గొంతు పట్టేసేది.

కథ ఐర్లండ్ పక్కన అరాన్ దీవుల్లో. మౌర్యా అని ముసలామె, భర్తనీ మామగారినీ కొడుకుల్నీ వరసగా సముద్రం మింగేసింది, మిగిలినవాడు బార్ట్లీ ఒక్కడు. వాడు గుర్రాలు అమ్ముకోవడానికి గాల్వే సంతకి పోతానంటాడు. అంతకు తొమ్మిది రోజుల ముందు మునిగిపోయిన ఇంకో కొడుకు మైకేల్ బట్టలు ఎక్కడో దూరాన ఒక శవం మీద దొరికాయని మూట వస్తుంది. అవి వాడివేనా కాదా ఎలా తెలుసుకోవడం? చొక్కా గుడ్డ అందరికీ ఒకటే, ఊళ్ళో తానుల లెక్కన అమ్ముతారు. అప్పుడు చెల్లెలు మేజోడు తీసి అల్లిక లెక్కపెడుతుంది. అరవై కుట్లు వేశాను, నాలుగు జారవిడిచాను, ఇది నేను అల్లిన మూడో జత అంటుంది. ఆ జారిన నాలుగు కుట్లే అన్న గుర్తు. నా గొంతు పట్టేసేది అక్కడేనమ్మా.

టైటిల్‌లో రైడర్లు ఇద్దరు. బార్ట్లీ ఎర్ర గుర్రం ఎక్కి వెళ్తుంటే వెనకాల బూడిదరంగు గుర్రం మీద చచ్చిపోయిన మైకేల్ కొత్త బట్టలు కట్టుకుని కూర్చున్నట్టు తల్లికి కనపడుతుంది. ఆ వెనక గుర్రమే బార్ట్లీని సముద్రంలోకి తోసేస్తుంది. శవపేటికకి మంచి పలకలు కొని పెట్టుకున్నారు, మేకులు తేవడం మర్చిపోయారు. అంత చావు చూసిన ఇంట్లో మేకులు మర్చిపోవడం ఏమిటని క్లాసులో ఎవడో ఒకడు ఏటా అడిగేవాడు.

దివిసీమ_బిడ్డ:
మాస్టారు సముద్రం అన్నారు కాబట్టి నేను కూడా ఒకటి చెప్తా. జర్మన్ ఆయన టేయొడోర్ ష్టోర్మ్, "ది రైడర్ ఆన్ ది వైట్ హార్స్" అని ఇంగ్లీషులో దొరుకుద్ది, 1888. ఆయన ఆఖరి పుస్తకం, అది వచ్చిన ఏడే పోయాడు. దయ్యం కథ కింద వేసుకోవచ్చు, నన్నడిగితే అది కరకట్ట కథ.

అక్కడ ఉత్తర సముద్రం ఒడ్డున ఊళ్ళన్నీ కట్టల వెనకే బతుకుతాయి. హౌకె హాయెన్ అనే కుర్రాడు చిన్నప్పుడే లెక్కలేసుకుని, ఈ కట్ట సముద్రం వైపు మరీ నిటారుగా ఉంది, ఏటవాలుగా ఉంటే అల దానంతటదే పాకి చచ్చిపోద్ది అంటాడు, ఎవరూ వినరు. పెద్దయ్యాక కట్టల మీద అధికారి అవుతాడు, అన్నట్టుగానే కొత్త కట్ట కట్టిస్తాడు. ఎక్కడినుంచో ఒక బక్క తెల్ల గుర్రం కొనుక్కొస్తాడు. దీవి మీద ఎప్పటినుంచో పడున్న గుర్రం అస్థిపంజరం అప్పుడే మాయమైందని జనం గుసగుసలు. కొత్త కట్ట ఆఖరి గండి పూడ్చేటప్పుడు కూలీలు ఒక కుక్కపిల్లని మట్టిలోకి విసిరేస్తారు, ప్రాణమున్నది ఏదన్నా వెయ్యకపోతే కట్ట నిలబడదని వాళ్ళ నమ్మకం. హౌకె గుర్రం దిగి దాన్ని తీసేస్తాడు. అక్కడినుంచి ఊరు ఊరంతా ఆయనకి ఎదురు తిరుగుద్ది. చివర ఏమైందో చెప్పను, కొత్త కట్ట మాత్రం తెగదు.

ఇది చదువుతుంటే నాకు కట్టమంచి వారి "ముసలమ్మ మరణం" గుర్తొచ్చింది, అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతే ముసలమ్మ అనే ఒకింటి కోడలు గండిలోకి నడిచిపోద్ది కదా, అదీ. మనవాళ్ళు ఆమెకి దణ్ణం పెట్టారు, వాళ్ళేమో కుక్కపిల్లని కాపాడినోణ్ణి దయ్యం అన్నారు. మాది నాగాయలంక దగ్గర పల్లె, 77 నవంబర్ 19 ఉప్పెన గురించి మా నాన్నమ్మ చెప్పేటప్పుడు నీళ్ళొచ్చాయి అని ఎప్పుడూ అనేది కాదు, సముద్రం లేచి నడిచొచ్చింది అనేది. అందుకే ఈ పుస్తకం నేను ఒక్క రాత్రిలో చదివేశా, నిద్ర మాత్రం పట్టలా. కావాలంటే నా కాపీ పంపిస్తా వనజ గారూ, చదివి తిరిగి ఇచ్చెయ్యాలి.

సైకిల్_సన్నాసి:
రైడర్ అంటే అందరూ గుర్రం దగ్గరే ఆగిపోయారు, సైకిల్ ఏం పాపం చేసింది. టిమ్ క్రాబే "ది రైడర్", డచ్ పుస్తకం, 1978. ఫ్రాన్స్ కొండల్లో ఒకే ఒక్క రేసు, మొదటి కిలోమీటర్ నుంచి ఆఖరి కిలోమీటర్ దాకా, చాప్టర్లకి పేర్లుండవు కిలోమీటర్లే ఉంటాయి. అందులో ఒక ముచ్చట చెప్తా. అంకెటిల్ అని పెద్ద ఛాంపియన్, ఎత్తు ఎక్కే ముందు వాటర్ బాటిల్ సైకిల్ నుంచి తీసి వీపు జేబులో పెట్టుకునేవాడట. సైకిల్ తేలికవ్వాలని! బరువు మోసేది వాడే కదా అంటే, మనిషి వేరు సైకిల్ వేరు అని వాడి నమ్మకం. నేను అనంతగిరి ఘాట్‌లో ట్రై చేశా, ఏం తేలికవ్వలేదు, వీపు తడిసింది.

చరిత్ర కావాలంటే తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన థియోడోర్ రూజ్వెల్ట్ "ది రఫ్ రైడర్స్" ఉంది, 1899. క్యూబా యుద్ధానికి గుర్రపు దండు అని పేరు పెట్టుకుని బయల్దేరారు, ఓడల్లో చోటు చాలక గుర్రాల్ని ఫ్లోరిడాలోనే వదిలేసి నడుచుకుంటూ యుద్ధం చేశారు. పుస్తకం నిండా నేను నేను నేను. అప్పట్లోనే ఒక పత్రికాయన దీనికి "క్యూబాలో నేనొక్కణ్ణే" అని పేరు పెట్టాల్సింది అని ఎద్దేవా చేశాడు.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
చరిత్రే అయితే రూజ్వెల్ట్ ఎందుకండీ, లారా స్పిన్నీ "పేల్ రైడర్" చదవండి, 2017ది, 1918 ఫ్లూ మీద. ఆ ఫ్లూకి ఏ దేశంలోనూ పోనంతమంది మన దేశంలోనే పోయారు, మనకి స్కూల్లో ఒక్క లైను చెప్పలేదు. కోవిడ్ వార్డులో చేసి వచ్చాక చదివా, మాస్కుల గొడవ, సినిమాహాళ్ళు మూయాలా వద్దా అన్న గొడవ, అన్నీ అప్పుడే అయిపోయాయి.

ఆ పేరు బైబిల్లోది, ప్రకటన గ్రంథం ఆరో అధ్యాయంలో పాండుర వర్ణం గుర్రం వస్తుంది చూడండి, దాని మీద కూర్చున్నవాడి పేరు మృత్యువు. కేథరిన్ యాన్ పోర్టర్ 1939లోనే "పేల్ హార్స్, పేల్ రైడర్" అని నవలిక రాసింది, ఆవిడకే డెన్వర్‌లో ఆ ఫ్లూ వచ్చి చావు దాకా వెళ్ళొచ్చింది, జుట్టంతా ఊడిపోయి తెల్లగా మొలిచిందట. అగాథా క్రిస్టీ "ది పేల్ హార్స్" కూడా అదే వాక్యం నుంచి, అందులో రైడర్ లేడు కాబట్టి మీకు పనికిరాదు, కానీ చెప్పకుండా ఉండలేను, 1977లో లండన్ హాస్పిటల్‌లో ఏ డాక్టరుకీ అంతుపట్టని ఒక పసిబిడ్డ జబ్బు, ఆ నవల చదువుతున్న నర్సు థాలియం విషం అని గుర్తుపట్టింది. నర్సులు డ్యూటీలో నవలలు చదువుతారని తిట్టేవాళ్ళకి నేను ఇదే చెప్తా.

వనజ_కూకట్‌పల్లి:
అయ్యబాబోయ్, అందరికీ పేరుపేరునా థాంక్సండీ. ఇప్పటికి లెక్క ఇదీ: జిల్లీ కూపర్, మాస్టారి నాటకం, కరకట్ట, సైకిల్, ఫ్లూ. ఆరోది మా పాప చెప్పింది, "ది వేల్ రైడర్", న్యూజిలాండ్ మావోరీ రచయిత విటి ఇహిమాయెరా 1987లో రాసింది, ఆడపిల్ల పుట్టిందని ముఖం తిప్పుకున్న ముత్తాత ముందే ఆ పిల్ల తిమింగలం ఎక్కుతుందట, సినిమా చూసి ఏడ్చింది ఇది. పిల్లల పుస్తకం కింద వేసేశా. తీరా చూస్తే ఆరింటిలో గుర్రం ఉన్నవి మూడే!

దివిసీమ గారూ, అడ్రస్ మెసేజ్ పెట్టాను, చదివి ఖచ్చితంగా తిరిగి పంపిస్తా. మాస్టారూ, నాటకం నిన్న రాత్రే చదివేశా, ఆ మేజోడు దగ్గర మీరు చెప్పినట్టే అయింది.

కబడ్డీ తమ్ముడూ, నీ పాయింట్ ప్రెసిడెంట్ గారి దగ్గర పెట్టా. చీటీ తెలుగులోనే రాశారట. ఆయన కాసేపు ఆలోచించి, ఇది రూల్సులో లేదు, శుక్రవారం మీటింగ్‌లో ఓటింగ్ పెడదాం అన్నారు. కబడ్డీ మీద మంచి పుస్తకం ఉంటే ఆలోపు చెప్పు, జేన్ గ్రే ఎలాగూ నావల్ల కాదు.