అప్‌డేట్: 24 గంటల్లో 1,610 కిలోమీటర్ల బైక్ ప్రయాణానికి ముందు, సగం దూరం నడిపి చూశాను

దూరప్రయాణాలు చేసే బైకర్ల సంఘమైన ఐరన్ బట్ అసోసియేషన్ వారి శాడిల్‌సోర్ సవాలుకు, అంటే 24 గంటల్లో 1,000 మైళ్లు నడపడానికి, ఎలా సిద్ధం కావాలని నెల క్రితం ఇక్కడ అడిగాను. ముందు సగం దూరం నడిపి చూడమన్నారు. పోయిన ఆదివారం తెల్లవారుజామున 4 గంటలకు బయలుదేరి, 44వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి అనంతపురం వెళ్లి, అదే రోజు తిరిగి వచ్చాను. రానూపోనూ 720 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ.

వేగం గురించి నేను పడ్డ భయం అనవసరం. మొత్తం నాలుగు గంటలు ఆగినా, మిగతా ఇరవై గంటల్లో సగటున గంటకు 81 కిలోమీటర్ల వేగం ఉంటే చాలు. సమయాన్ని మింగేవి ఆగే చోట్లే. కర్నూలులో పది నిమిషాల్లో ఇడ్లీ తిని లేద్దామనుకున్నవాణ్ణి నలభై నిమిషాలు కూర్చున్నాను. ఈసారి పెట్రోలు, నీళ్లు, తిండి అన్నీ ఒకే చోట ముగించాలి.

జీన్స్ లోపలి కుట్లు మాత్రం ఏడిపించాయి. మూడు వందల కిలోమీటర్లు దాటేసరికి తొడలు ఒరుసుకుపోయాయి. కుట్లు లేని లోదుస్తులు వేసుకోమన్నవారి మాట వినాల్సింది. ఇయర్‌ప్లగ్‌ల సలహా ఇచ్చినవారికి మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు, గాలి హోరు లేకపోతే అలసట సగమే.

ఇంకొకటి: ఒక బంకు రసీదు మీద సమయం తప్పుగా పడింది. ప్రయాణానికి రుజువు ఆ రసీదులే కాబట్టి, బంకు దాటకముందే చూసుకోవాలి.

అసలు ప్రయాణం డిసెంబరులో, పౌర్ణమికి దగ్గరగా. రాత్రి కన్ను మూతపడితే లెక్క పక్కన పెట్టి ఆగిపోతానని ఇంట్లో మాటిచ్చాను.