సోటెర్న్ వింటేజ్: పొగమంచు గంటలు చూడాలా, గాలి దిక్కు చూడాలా?

ఫ్రాన్స్‌లో బోర్డోకి దక్షిణాన ఉన్న సోటెర్న్ తీపి వైన్ల వింటేజ్‌లను (అంటే ఏ ఏటి పంటతో చేసిన వైన్ అన్నదాన్ని) వాతావరణ రికార్డులతో పోల్చుతుంటే ఒకచోట లెక్క తేలడం లేదు. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

అడవి నీడలో పారే సిరోన్ నది నీళ్లు చల్లన. అవి కాస్త వెచ్చగా ఉండే గరోన్ నదిలో కలిసే చోట శరత్కాలపు రాత్రుళ్లు పొగమంచు పుట్టి, పొద్దెక్కేదాకా తోటల మీద ఉంటుంది. ఆ తడికి పండిన ద్రాక్షకు బొట్రైటిస్ బూజు పడుతుంది. మధ్యాహ్నం ఎండా గాలీ తగిలితే పండులో నీరు ఇగిరి చక్కెర చిక్కబడుతుంది. ఎండ రాక తడి ఆరకపోయినా, పండకముందే తొక్క పగిలినా అదే బూజు బూడిద కుళ్లుగా మారి గుత్తినే పాడుచేస్తుంది. పడమటి గాలి అట్లాంటిక్ వానలు తెస్తుంది, తూర్పుగాలి ఆరబెడుతుంది. 2012 పంట నాణ్యత చాలక, ఇక్కడి పేరున్న వైన్ తోట షాటో దికెమ్ ఆ ఏటి తీపి వైన్ విడుదలే చేయలేదు. అంత పెద్ద తేడా నెలవారీ సగటుల్లో కనిపించదు, రోజువారీ సగటు తేమ కూడా ఉదయపు తడినీ మధ్యాహ్నపు పొడినీ కలిపేసి అసలు విషయాన్ని దాచేస్తుంది.

అందుకే సెప్టెంబరు, అక్టోబరు గంటవారీ లెక్కలే తీసుకుంటున్నాను. ఆకు తడి ఎన్ని గంటలుంటే బూజు పట్టినట్టు లెక్కించాలి? బోర్డో పక్కనున్న మెరిన్యాక్ విమానాశ్రయం గాలి రికార్డు సిరోన్ లోయకు పనికొస్తుందా? సిరోన్‌కి అవతలి ఒడ్డున ఉన్న బార్సాక్ ఊరి తోటలను విడిగా లెక్కించాలా? కోత పలు విడతల్లో, ముడుచుకున్న పండ్లనే ఏరుతూ సాగుతుంది కదా, నడుమ పడ్డ వానకు ఎంత బరువివ్వాలన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యం.